చివరి వ్యవహర్త తరువాత: మాంక్స్ భాష క్షీణత – పునరుజ్జీవన చరిత్ర

వ్యాససంగ్రహం:

భాషామరణాన్ని సాధారణంగా చివరి వ్యవహర్త మరణంతో ముడిపెట్టి చెప్తారు. బ్రిటన్, ఐర్లండ్‌ల నడుమ ఉన్న మాన్ ద్వీపపు భాష మాంక్స్ చరిత్ర ఈ భావనను పునఃపరిశీలింపజేస్తుంది. ఆ భాషకు చివరి మాతృభాషా వ్యవహర్తగా గుర్తింపు పొందిన నెడ్ మాడ్రెల్ 1974లో మరణించాడు. అయినా ఈనాడు ఆ భాషలో ఒక ప్రాథమిక పాఠశాల నడుస్తున్నది. మాంక్స్ క్షీణించిన క్రమాన్ని, తిరిగి లేచిన తీరును పరిశీలించి, భాష జీవన్మరణాలను నిర్ణయించేది గ్రంథసంపద కాదనీ, తరం నుండి తరానికి సాగే అప్పగింత అనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. తెలుగునేలపై ఉన్న సవర మొదలైన భాషలకు ఈ చరిత్ర ఇచ్చే సూచనలు చివర చర్చించబడ్డాయి.

కీలకపదాలు: భాషామరణం, భాషా పునరుజ్జీవనం, మాంక్స్, వ్యవహర్త, తరాల అప్పగింత, సవర, గిడుగు.

1. ఉపోద్ఘాతం:

2010 జనవరి 26న అండమాన్ దీవులలో బోవా సీనియర్ అనే వృద్ధురాలు కన్నుమూసింది. గ్రేట్ అండమానీ భాషలలో ఒకటైన 'బో' భాష తెలిసిన చివరి మనిషి ఆమె. ఆమెతో ఆ భాష కూడా పోయిందని పత్రికలు రాశాయి. ఆ మాట వాస్తవమే గాని, అందులో సగమే ఉన్నది. తన భాషలో తిరిగి పలికే మనిషి లేకుండా ఆమె ఏళ్లతరబడి బతికింది. మాట్లాడే నోరు ఒకటి ఉన్నా వినే చెవి లేనప్పుడు ఆ భాష బతికి ఉన్నట్టా, లేనట్టా?

ప్రపంచంలో సుమారు 7,000 భాషలున్నాయని అంచనా. వాటిలో నూటికి నలభై వంతుల భాషలు ప్రమాదంలో ఉన్నాయని యునెస్కో చెప్తున్నది. ఆ సంస్థ ఏర్పరచిన ప్రమాదస్థాయులలో ముఖ్యమైన కొలమానం వ్యవహర్తల వయస్సు. పిల్లలు ఇంట్లో నేర్చుకోవడం మానేస్తే భాష నిశ్చయంగా ప్రమాదంలో పడ్డట్టు. తాతముత్తాతలు మాట్లాడుతూ, తల్లిదండ్రులు అర్థం చేసుకుంటూ, పిల్లలతో మాత్రం మాట్లాడకుంటే ప్రమాదం తీవ్రమైనట్టు. దీనిని బట్టి చూస్తే భాషామరణం ఒక తేదీన జరిగే సంఘటన కాదు. రెండు మూడు తరాలపాటు ఇళ్లలో నిశ్శబ్దంగా సాగే ప్రక్రియ. చివరి వ్యవహర్త మరణం ఆ ప్రక్రియకు ముగింపు మాత్రమే. ఆ ముగింపు తరువాత కూడా కథ కొనసాగిన అరుదైన సందర్భం మాంక్స్ భాషది.

2. మాంక్స్ భాష – దాని నేల:

ఐరిష్ సముద్రంలో 572 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం గల చిన్న భూభాగం మాన్ ద్వీపం. మాంక్స్ కెల్టిక్ భాషాకుటుంబానికి చెందినది. ఐరిష్, స్కాటిష్ గేలిక్ భాషలకు తోబుట్టువు. ఈ భాషలో పదాది హల్లులు వ్యాకరణ సందర్భాన్ని బట్టి మారుతుంటాయి. 'కుక్క' అనే అర్థం గల 'మొడా' కొన్ని సందర్భాలలో 'వొడా' అవుతుంది. కారణాలు, నియమాలు వేరైనప్పటికీ, గసడదవాదేశం తెలిసిన తెలుగు పాఠకునికి ఇటువంటి మార్పు వింతగా తోచదు.

ద్వీపాన్ని నార్వే రాజులు, స్కాట్లండ్ రాజులు, ఆ తరువాత ఇంగ్లీషు ప్రభువంశాలు పాలించినా సామాన్యజనం భాష శతాబ్దాలపాటు మాంక్స్‌గానే నిలిచింది. పాలకుల భాష వేరు, ప్రజల భాష వేరు అయినంత మాత్రాన ప్రజల భాష నశించదనడానికి ఇది నిదర్శనం. 17వ శతాబ్దం తొలి దశాబ్దాలలో బిషప్ జాన్ ఫిలిప్స్ ప్రార్థనాగ్రంథాన్ని మాంక్స్‌లోకి తెచ్చాడు. 1707లో బిషప్ థామస్ విల్సన్ గ్రంథంతో మాంక్స్ అచ్చుకెక్కింది. బిషప్ హిల్డెస్లీ ప్రోత్సాహంతో 1770లలో బైబిలు అనువాదం పూర్తయింది.

ఈ అనువాదంతో ముడిపడిన సంఘటన ఒకటి ప్రసిద్ధం. 1771లో జాన్ కెల్లీ అనే యువకుడు బైబిలు వ్రాతప్రతిలో కొంత భాగాన్ని అచ్చుకోసం ఓడలో తీసుకుపోతుండగా ఓడ బద్దలైంది. అతడు ఆ కాగితాలను గంటలతరబడి నీటికి పైన ఎత్తి పట్టుకుని కాపాడాడని చెప్తారు. తరువాతి కాలంలో అతడే మాంక్స్ వ్యాకరణాన్ని రచించాడు. గ్రంథం దక్కింది, అచ్చయింది, ఇంటింటికీ చేరింది. అయితే ఆ గ్రంథాన్ని చదివిన వారి మునిమనుమలకు అందులోని భాష రాకుండా పోయింది. గ్రంథసంపద ఒక్కటే భాషను నిలబెట్టలేదనడానికి ఇంతకన్న సాక్ష్యం అవసరం లేదు.

3. క్షీణత – కారణాలు, క్రమం:

మాంక్స్ క్షీణతకు నిషేధం కన్న ఆర్థిక పరిణామాలే ప్రధాన కారణాలు. 18వ శతాబ్దంలో ద్వీపవాసులకు దొంగసరకుల రవాణా పెద్ద ఆదాయవనరు. దానిని అరికట్టడానికి 1765లో బ్రిటిష్ ప్రభుత్వం ద్వీపంపై ప్రభువుల హక్కులను కొనివేసింది. దానితో స్థానిక ఆర్థికవ్యవస్థ కుప్పకూలింది. 19వ శతాబ్దంలో ఎందరో ద్వీపవాసులు అమెరికాకు వలసపోయారు. వారు విడిచిన చోటికి ఇంగ్లండు నుండి కొత్తవారు వచ్చి చేరారు. ఆవిరి ఓడలు క్రమం తప్పక నడవసాగాక లివర్‌పూల్ వైపు నుండి వేసవి విహారయాత్రికులు వెల్లువెత్తారు. వసతిగృహం నడపాలన్నా, అంగడిలో అమ్మాలన్నా, ఓడపై కూలి దొరకాలన్నా ఇంగ్లీషు కావలసివచ్చింది. మాంక్స్‌తో ఒక్క పెన్నీ కూడా సంపాదించలేమన్న అర్థం గల లోకోక్తి ఆ భాషలోనే పుట్టింది. తన నిరుపయోగాన్ని తానే ప్రకటించుకునే స్థితికి ఆ భాష చేరుకున్నది.

1872లో వచ్చిన ప్రాథమిక విద్యాచట్టం బడిలో మాంక్స్‌కు చోటు కల్పించలేదు. 1874లో హెన్రీ జెన్నర్ అనే పరిశోధకుడు ద్వీపంలోని మతాచార్యులకు లేఖలు రాసి వివరాలు సేకరించి, సుమారు పన్నెండు వేల మంది మాంక్స్ మాట్లాడుతున్నారని లెక్కకట్టాడు. 1901 జనాభా లెక్కలలో ఆ సంఖ్య 4,419. అప్పటికి ద్వీపజనాభాలో వారు నూటికి ఎనిమిది మంది. 1911లో 2,382. 1921 నాటికి వెయ్యికి లోపు. 1961లో 165, వీరిలో పెద్దయ్యాక పట్టుదలతో నేర్చుకున్నవారు కూడా ఉన్నారు.

ఈ అంకెల వెనుక ఉన్నది తల్లిదండ్రుల నిర్ణయం. 1860–1880 మధ్య పిల్లలను పెంచిన తరం తమలో తాము మాంక్స్ మాట్లాడుకుంటూనే పిల్లలతో ఇంగ్లీషు మాట్లాడసాగింది. ఆ తల్లిదండ్రులు భాషాద్రోహులు కారు. బిడ్డల బతుకు తమకన్న మెరుగ్గా ఉండాలని కోరుకున్నవారు. ప్రతి ఇంటికీ ఆ నిర్ణయం విడిగా చూస్తే సహేతుకమే. అన్ని ఇళ్లూ కలిసేసరికి అది ఒక భాషకు మరణశాసనమైంది. భాషామరణాన్ని అర్థం చేసుకోవడంలో ఉన్న చిక్కు ఇదే: ఇందులో హంతకుణ్ణి వేలెత్తి చూపడం అన్నిసార్లూ సాధ్యం కాదు.

4. సేకరణ – వృద్ధుల వాకిళ్లలో:

1899లో మాంక్స్ భాషాసంఘం ఏర్పడింది. అప్పటికింకా వేలమంది మాతృభాషా వ్యవహర్తలు జీవించి ఉన్నారు. సంఘం పుస్తకాలను ప్రచురించింది, తరగతులు నడిపింది. అయితే ఇళ్లలో ఆగిపోయిన అప్పగింతను తిరిగి మొదలుపెట్టలేకపోయింది. పెద్దలకు పాఠాలు చెప్పడం వేరు, పసిపిల్లల చెవిన భాష వేయడం వేరు అన్న ఎరుక రావడానికి మరో మూడుతరాల కాలం పట్టింది.

సంఘం వల్లనూ, విదేశీ పండితుల వల్లనూ జరిగిన గొప్ప మేలు ధ్వనుల సేకరణ. నార్వే పండితుడు కార్ల్ మార్‌స్ట్రాండర్ 1929–33 మధ్య ద్వీపానికి వచ్చి వృద్ధుల ఉచ్చారణను నమోదు చేశాడు. 1947లో ఐర్లండ్ ప్రధాని ఈమన్ డి వలేరా ద్వీపాన్ని సందర్శించి మాడ్రెల్‌ను కలిశాడు. మాంక్స్ నానాటికీ అంతరించిపోతున్నదని గ్రహించడంతో, మరుసటి సంవత్సరం ఐరిష్ జానపద సంఘం తరఫున కెవిన్ డనహర్ రికార్డింగు పరికరాలతో ద్వీపానికి వచ్చాడు. మిగిలిన వృద్ధుల మాటలు ఆ విధంగా పళ్లేలపైకి ఎక్కాయి.

ఈ సేకరణ విలువ మాంక్స్ లేఖన పద్ధతి తెలిస్తేగాని బోధపడదు. మాంక్స్ వర్ణక్రమం ప్రధానంగా ఇంగ్లీషు రాతను అనుసరించి ఏర్పడింది. ఉచ్చారణలోని సూక్ష్మాలను అది పట్టుకోలేదు. ఉదాహరణకు 'బరువైన' అనే అర్థం గల 'త్రోమ్' పదాన్ని వృద్ధులు పలికేటప్పుడు తుది మకారానికి ముందు లీలగా బకారం వినిపిస్తుంది. రాతలో దానికి గుర్తు లేదు. బైబిలును మాత్రమే చదివి మాంక్స్ నేర్చుకున్నవారికి ఆ బకారం ఉన్నదనే తెలియదు. మృతభాషను పుస్తకం నుండి లేపవచ్చు గాని, దాని గొంతును పుస్తకం నుండి లేపలేము.

ఇంతకన్న ముఖ్యమైన పని యంత్రాలతో నిమిత్తం లేకుండా జరిగింది. 1940, 50లలో కొద్దిమంది యువకులు సెలవుదినాలలో సైకిళ్లపైనా, బస్సులలోనూ పల్లెలకు పోయి, మాంక్స్ వచ్చిన వృద్ధుల పక్కన కూర్చుని మాట్లాడుతూ నేర్చుకున్నారు. బ్రియన్ స్టోవెల్, డగ్లస్ ఫార్గర్ వంటివారు ఈ తరానికి చెందినవారే. ఫార్గర్ ఇంగ్లీషు–మాంక్స్ నిఘంటువు 1979లో వెలువడింది. ఈ బృందం సంఖ్యలో స్వల్పం. కాని భాష ఒక తరం నోటి నుండి మరొక తరం చెవికి నేరుగా చేరిన చివరి ఘట్టం వారిది. ఇంట్లో తెగిపోయిన దారం వారి చేతులలో పలుచగానైనా నిలిచింది.

నెడ్ మాడ్రెల్ 1877లో పుట్టాడు. బాల్యంలో క్రెగ్నీష్ అనే పల్లెలో వృద్ధ బంధువు దగ్గర పెరగడం వల్ల అతనికి మాంక్స్ అబ్బింది. చేపలు పట్టి జీవించిన ఆ సామాన్యుడు చివరి దశాబ్దాలలో తన దగ్గరకు వచ్చిన విద్యార్థులకు విసుగు లేకుండా భాష చెప్పాడు. తనకొక్కడికే తెలిసిన భాషగా మాంక్స్‌ను దాచుకోలేదు. 1974 డిసెంబరు 27న అతడు మరణించేనాటికి, పుట్టుకతో అబ్బిన భాషగా మాంక్స్ మాట్లాడేవారు లేకుండా పోయారు గాని, మాంక్స్ మాట్లాడేవారు లేకుండా పోలేదు.

5. బడిపిల్లల సమాధానం:

1985లో ద్వీప శాసనసభ టిన్‌వాల్డ్ మాంక్స్‌కు పరిమితమైన అధికారిక గుర్తింపునిచ్చింది. 1990లలో పాఠశాలల్లో మాంక్స్ ఐచ్ఛిక విషయంగా ప్రవేశించింది. ఆ పనికి నియమితుడైన తొలి భాషాధికారి స్టోవెల్. 1996లో 'మూన్జర్ వెగ్గీ' అనే సంస్థ ఏర్పడి శిశువులకు మాంక్స్‌లో ఆటపాటల కేంద్రాలను నడిపింది. ఆ పేరుకు 'చిన్నారి జనం' అని అర్థం. అక్కడ చదివిన పిల్లల తల్లిదండ్రులే, తమ బిడ్డలు బడికి వెళ్లగానే ఈ భాష ఆగిపోరాదని కోరి, మాంక్స్ మాధ్యమంలో బోధన కావాలని ప్రభుత్వాన్ని అడిగారు. 2001లో కొద్దిమంది పిల్లలతో 'బున్‌స్కోల్ గేల్గాగ్' అనే మాంక్స్ మాధ్యమ ప్రాథమిక పాఠశాల మొదలైంది. రెండేళ్ల తరువాత అది సెయింట్ జాన్స్ గ్రామానికి మారింది. ఒకనాడు బిడ్డల మేలు కోరి భాషను వదిలిన తల్లిదండ్రులు. నూట ముప్పై ఏళ్ల తరువాత బిడ్డల మేలు కోరే భాషను తిరిగి అడిగిన తల్లిదండ్రులు. ఈ రెండు నిర్ణయాల మధ్య ఉన్నదే మాంక్స్ ఆధునిక చరిత్ర.

2009లో యునెస్కో వెలువరించిన భాషల అట్లాసు మాంక్స్‌ను మృతభాషగా నమోదు చేసింది. దానికి స్పందిస్తూ ఆ పాఠశాల విద్యార్థులు యునెస్కోకు మాంక్స్‌లోనే ఉత్తరాలు రాశారు. మా భాష చచ్చిపోయి ఉంటే ఈ ఉత్తరం ఏ భాషలో రాస్తున్నట్టని ప్రశ్నించారు. యునెస్కో ఆ నమోదును సవరించి, మాంక్స్‌ను అత్యంత ప్రమాదస్థితిలో ఉన్న భాషల జాబితాలో చేర్చింది. 2011 జనాభా లెక్కలలో 1,823 మంది తమకు మాంక్స్ మాట్లాడడమో, చదవడమో, రాయడమో వచ్చునని చెప్పారు.

మృతభాష అన్న ముద్ర వట్టి వర్గీకరణ కాదు. చచ్చిన భాషకు ఉపాధ్యాయుణ్ణి ఎందుకు నియమించాలని ప్రభుత్వం అడగవచ్చు. చచ్చిన భాషను బిడ్డకెందుకు నేర్పాలని తల్లి సందేహించవచ్చు. మరణాన్ని తొందరపడి ప్రకటించడం మరణానికి తోడ్పడుతుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణను పరిశీలించాలి. నేటి పిల్లలు మాట్లాడేది మాడ్రెల్ భాషేనా? వారి వాక్యనిర్మాణంలో, ఉచ్చారణలో ఇంగ్లీషు ప్రభావం ఉన్నది. కొత్త వస్తువులకు కల్పించిన పదాలు మాడ్రెల్‌కు తెలియవు. ఈ ఆక్షేపణలో నిజం ఉన్నది. అయితే సజీవభాషలన్నిటికీ ఇది వర్తించేదే. నన్నయనాటి తెలుగు నేటి తెలుగు కాదు. భేదమల్లా, సజీవభాషలో మార్పు తరాల మీదుగా మెల్లగా జరుగుతుంది. పునరుజ్జీవిత భాషలో ఒకే తరంలో దూకుతుంది. కోల్పోయినదేదో కోల్పోయినట్టే. దానిని దాచకుండానే మిగిలినదానిని బతికించుకోవచ్చునని మాంక్స్ నిరూపించింది.

6. హీబ్రూ, మావోరి – పోలికలు, భేదాలు:

భాషా పునరుజ్జీవనం అనగానే హీబ్రూ గుర్తుకు వస్తుంది. ఎలియెజర్ బెన్ యెహూదా 1881లో జెరూసలేం చేరి, 1882లో పుట్టిన కొడుకును హీబ్రూలోనే పెంచడం ప్రసిద్ధమైన కథ. కాని హీబ్రూ అంతకుముందు ఎన్నడూ పూర్తిగా మూగవోలేదు. ప్రార్థనలో, పాండిత్యంలో, ఉత్తరప్రత్యుత్తరాలలో అది నిరంతరం వాడుకలో ఉన్నది. పైగా వేర్వేరు దేశాల నుండి వచ్చి చేరిన యూదులకు ఒక ఉమ్మడిభాష అవసరమైంది. 1922లో బ్రిటిష్ పాలనలోని పాలస్తీనాలో అది అధికారభాషలలో ఒకటి అయింది. అంటే హీబ్రూకు అవసరం, అధికారం రెండూ తోడ్పడ్డాయి. మాన్ ద్వీపంలో ఇంగ్లీషు రానివారు లేరు గనుక మాంక్స్‌కు ఆ అవసరం లేదు. అందుచేత హీబ్రూ విజయాన్ని కొలమానంగా పెట్టి చిన్న భాషలను తూచడం న్యాయం కాదు.

న్యూజిలండ్‌లోని మావోరీల అనుభవం మరొక విధమైనది. 1982లో వారు 'కోహంగా రేయో' కేంద్రాలను ప్రారంభించారు. 'భాషాగూడు' అని ఆ మాటకు అర్థం. నడుమ తరానికి భాష సరిగా రాకున్నా, అమ్మమ్మలు, తాతయ్యలు జీవించి ఉన్నారు. వారిని, పసిపిల్లలను ఒకచోట చేర్చి, తెగిన లంకెను దాటించారు. 1987లో మావోరి అధికారభాష అయింది. మాంక్స్ ప్రజలు శిశుకేంద్రాల దాకా వచ్చేసరికి అటువంటి తాతలు మిగలలేదు. పద్ధతి ఒకటే, కాలం వేరు. తాతలు ఉండగా చేసిన పనికి, తాతలు పోయాక చేసిన పనికి ఉన్న అంతరం పదమూడు పద్నాలుగేళ్లు కాదు, ఒక మొత్తం తరం. భాషాశాస్త్రవేత్త జాషువా ఫిష్‌మన్ 1991లో ప్రతిపాదించిన ఎనిమిది అంచెల ప్రమాణంలో ఇంటిలో జరిగే తరాల అప్పగింతకు కీలకస్థానం ఇవ్వడం ఈ అనుభవాలకు అనుగుణంగానే ఉన్నది.

7. తెలుగునేలకు సంబంధించిన సూచనలు:

తెలుగువారు భాషామరణాన్ని గురించి మాట్లాడేటప్పుడు ఇంగ్లీషు ముందు తెలుగు ఏమవుతుందన్న ఆందోళనే ఎక్కువగా వినిపిస్తుంది. కాని సవర, కోలామి, గోండి, కువి వంటి భాషల పక్కన మాన్ ద్వీపంలో ఇంగ్లీషు పోషించిన పాత్రను పోషిస్తున్నది తెలుగే. సంతలో, బస్సులో, కార్యాలయంలో, బడిలో తెలుగు లేనిదే పని జరగదు. గిరిజన తల్లిదండ్రుల ముందు ఉన్నది నాటి మాంక్స్ తల్లిదండ్రుల ముందున్న చిక్కే.

ఈ సందర్భంలో గిడుగు వేంకట రామమూర్తి కృషిని మరొక కోణం నుండి చూడవలసి ఉన్నది. ఆగస్టు 29న ఆయన జన్మదినాన్ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము. వ్యావహారిక భాషోద్యమానికి ముందే ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ, ముండా భాషాకుటుంబానికి చెందిన సవరను సవరల నోటి నుండే నేర్చుకున్నారు. వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పే ప్రయత్నం చేశారు. ఆయన సవర వ్యాకరణ గ్రంథం 1931లో వెలువడింది. సవర నిఘంటువును కూడా సిద్ధం చేశారు. పిల్లవానికి వచ్చిన భాషలోనే చదువు మొదలు కావాలన్న ఆయన సూత్రం సవర బడి నుండి తెలుగు బడికి వచ్చినదే. ఆ సూత్రాన్ని తెలుగుకు అన్వయించి పండుగ చేసుకుంటూ, సవరకు అన్వయించడం మరచిపోవడం ఆయన కృషిని సగమే స్వీకరించడం అవుతుంది.

ఆయన తరువాత ప్రయత్నాలు లేకపోలేదు. 1936లో మంగేయి గొమాంగో సవరకు 'సొరంగ్ సొంపెంగ్' అనే ప్రత్యేకలిపిని రూపొందించాడు. ఆదిలాబాద్ ప్రాంతంలోని గుంజాల గ్రామంలో దొరికిన వ్రాతప్రతుల లిపి 'గుంజాల గోండి' పేరుతో 2018లో యూనికోడ్‌లో చేరింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో సవర, కువి, కొండ, కోయ, గోండి, కోలామి, లంబాడీ, ఆదివాసీ ఒడియా అనే ఎనిమిది భాషలలో ప్రాథమిక తరగతుల వాచకాలు తయారుచేసి బహుభాషా విద్యా కార్యక్రమాన్ని ఆరంభించారు. లిపి, వాచకం, నిఘంటువు అవసరమే. కాని మాంక్స్‌కు ఇవన్నీ 19వ శతాబ్దంలోనే ఉన్నాయి. అయినా అది ఆగలేదు. వాచకం చేతికిచ్చి, ఆ భాష వచ్చిన ఉపాధ్యాయుణ్ణి ఇవ్వకపోతే ఆ వాచకం జాన్ కెల్లీ నీటిపై ఎత్తి పట్టుకున్న కాగితాల వంటిదే.

గణనకు సంబంధించిన సూచన కూడా ఒకటి ఉన్నది. 1971 నుండి భారత జనాభా లెక్కల ప్రచురణలలో పదివేలకు లోపు వ్యవహర్తలున్న భాషలను విడిగా చూపడం లేదు. 1,823 మంది చెప్పుకున్న మాంక్స్ భారతదేశంలో ఉండి ఉంటే ఆ పట్టికలో దానికి పేరు కూడా ఉండేది కాదు. లెక్కలోకి రాని భాషకు బడి అడగడం కష్టం.

8. ముగింపు:

• భాషామరణం చివరి వ్యవహర్త మరణంతో జరిగేది కాదు. తల్లిదండ్రులు పిల్లలతో ఆ భాషలో మాట్లాడడం మానినప్పుడే అది మొదలవుతుంది. మాంక్స్‌కు సంబంధించి ఆ ఘట్టం 1860–80లది, 1974ది కాదు.

• ఆర్థిక అవసరాలు, బడిచదువు తల్లిదండ్రుల నిర్ణయాన్ని శాసిస్తాయి. అందువల్ల వారిని నిందించడం కన్న, రెండు భాషలనూ ఉంచుకోగల స్థితిని కల్పించడం సమాజం బాధ్యత.

• గ్రంథాలు, నిఘంటువులు, ధ్వనిముద్రణలు విత్తనాల వంటివి. నేల దొరికితేనే మొలకెత్తుతాయి. ఆ నేల పసిపిల్లలున్న ఇల్లు, ఆ ఇంటికి తోడ్పడే బడి.

• వృద్ధులు జీవించి ఉండగానే పిల్లలను వారి దగ్గరకు చేర్చడం అన్నిటికన్న సులభమైన మార్గం. ఈ అవకాశం మాంక్స్‌కు దాటిపోయింది. సవరకు, కోలామికి, గోండికి ఇంకా దాటిపోలేదు.

సెయింట్ జాన్స్ గ్రామంలో టిన్‌వాల్డ్ సభ ఏటా కొండగుట్టపై సమావేశమై కొత్త చట్టాల సారాంశాన్ని ఇంగ్లీషులోనూ, మాంక్స్‌లోనూ చదివించే ఆచారం ఉన్నది. వినేవారిలో ఆ రెండవ భాష అర్థమయ్యేవారు దాదాపు లేని రోజులలో కూడా ఆ ఆచారం ఆగలేదు. ఈనాడు అదే గ్రామంలో మాంక్స్ బడి నడుస్తున్నది. ఆ మాటలు అర్థం చేసుకోగల పిల్లలు ఆ గుట్టకు దగ్గరలోనే చదువుకుంటున్నారు.